మనం తాగే నీళ్లే తొట్టిలో పోస్తే తప్పేంటి? ఉప్పునీటి అక్వేరియం: అపోహలు, వాస్తవాలు

"మేమూ అవే నీళ్లు తాగుతున్నామండీ!"

ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియంలు పెట్టడం, వాటిని చూసుకోవడం నా పని. ఈ మాట వినని నెల లేదు. రెండు నెలల కిందట ఒకావిడ రాత్రి పదింటికి ఫోన్ చేశారు. మూడోసారి తెచ్చిన రొయ్యలు కూడా పోయాయట. నత్తలు అద్దం మీంచి జారి ఇసుకలో వెల్లకిలా పడుతున్నాయట. చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయట. "నా హస్తవాసే మంచిది కాదేమోనండి, తీసేద్దామనుకుంటున్నా" అంటుంటే ఆవిడ గొంతు పూడుకుపోయింది. నేను ఒక్కటే అడిగాను. రోజూ ఆవిరైపోయిన నీళ్ల బదులు ఏం పోస్తున్నారని. "వంటింటి ఆర్వో నీళ్లే. పిల్లలకు పట్టేవి" అన్నారు.

ఆ యంత్రం మూత తీసి ఫొటో పంపమన్నాను. లోపల రుచి కోసం ఖనిజాలు కలిపే గొట్టం ఒకటి ఉంది. దాని పక్కనే రాగి కలిపే గొట్టం. ఒంటికి మంచిదని కొన్ని రకాల్లో రాగిని కావాలనే కలుపుతారు. చేపకు తెల్లమచ్చల జబ్బు వస్తే మేం వాడే మందు కూడా రాగే. లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములుంటే పరాన్నజీవి చస్తుంది, చేప తట్టుకుంటుంది. రొయ్యలు, నత్తలు, పగడాలు తట్టుకోలేవు. అందుకే ఆ మందు ఎప్పుడూ విడి తొట్టిలోనే వేస్తాం. ఇక తాగేనీటి సంగతి చూడండి. లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా రాగి ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం చెబుతోంది. మనిషి నిక్షేపంలా తాగగల నీళ్లలో మా మందు మోతాదుకు పది రెట్ల రాగి ఉండే వీలుందన్నమాట.

అపోహ: తాగడానికి పనికొచ్చే నీళ్లు తొట్టికీ పనికొస్తాయి.

వాస్తవం: తాగేనీటి కొలతలు మనిషి కోసం పెట్టినవి. మన మూత్రపిండాలు, కాలేయం రోజూ వడగట్టి బయటికి పంపేస్తాయి. తొట్టికి అలాంటి దారి లేదు, పోసినదంతా లోపలే ఉండిపోతుంది. నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాముల వరకు మనకు ఫరవాలేదు. పగడాలున్న తొట్టిలో మాత్రం అందులో పదోవంతు దాటకుండా చూసుకోవాలి. క్లోరిన్‌ను క్రిములు చావాలనే కలుపుతారు. కొన్నిచోట్ల పైపులు తుప్పు పట్టకుండా సరఫరా నీటిలోనే ఫాస్ఫేట్ కలుపుతారు. మనకు దానివల్ల ఏమీ కాదు, నాచుకు మాత్రం అదే ఎరువు.

ఇక్కడ చాలామంది టీడీఎస్ లెక్క తీస్తారు, అంటే లీటరు నీటిలో కరిగినవన్నీ కలిపి ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే అంకె. "నా నీళ్లు 120 మాత్రమే. 200 లీటర్ల తొట్టిలో ఇప్పటికే 7 కిలోల ఉప్పుంది. ఈ కాస్తతో ఏమవుతుంది?" అంటారు. ప్రశ్న న్యాయమైనదే. బరువు చూస్తే నిజంగానే అది లెక్కలోకి రాదు. చూడాల్సింది ఎంత పోశామని కాదు, అందులో ఏముందని. రోజుకు 3 లీటర్లు ఆవిరవుతాయనుకుందాం. పోసే నీళ్లలో లీటరుకు అర మిల్లీగ్రాము ఫాస్ఫేట్ ఉంటే నెలకు 45 మిల్లీగ్రాములు చేరుతుంది, అంటే తొట్టిలో లీటరుకు 0.22. పగడాల తొట్టిలో 0.1 లోపు ఉంచాలని మేం తంటాలు పడుతుంటాం. రాగికి కూడా ఇదే లెక్క. పోసే నీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉన్నా నాలుగు నెలల్లో తొట్టి మందు మోతాదుకు చేరిపోతుంది. రాళ్లు, ఇసుక కొంత పీల్చుకుని ఆ రోజును వెనక్కి జరుపుతాయి, అంతే. నీళ్లు ఆవిరవుతాయి గానీ రాగి ఆవిరి కాదు.

ఆర్వో అనే పేరున్నవన్నీ ఒకటి కావు. మట్టిని ఆపే సెడిమెంట్, కార్బన్, మెంబ్రేన్ అనే వడపోతల వరకు వంటింటి యంత్రానికీ తొట్టి యంత్రానికీ దారి ఒకటే. మంచి మెంబ్రేన్ కరిగినవాటిలో 95 నుంచి 98 శాతం ఆపేస్తుంది. ఆ తర్వాత దారులు విడిపోతాయి. వంటింటి యంత్రం రుచి కోసం ఖనిజాలనో, కొంత ముడినీటినో తిరిగి కలుపుతుంది. తొట్టికి కావలసిన యంత్రం ఆ మిగిలిన రెండు నుంచి ఐదు శాతాన్ని కూడా డీఐ రెజిన్‌తో, అంటే కరిగిన లవణాలను పట్టుకునే సన్నని పూసలతో పీల్చేస్తుంది. బయటికొచ్చే నీటిలో మీటరు సున్నా చూపాలి. నేను 2, 3 కూడా ఒప్పుకోను. రెజిన్ అయిపోవస్తున్నప్పుడు ముందుగా వదిలేది అది బలహీనంగా పట్టుకున్నవాటినే, సిలికా వాటిలో ఒకటి. టీడీఎస్ మీటరుకు సిలికా సరిగా ఆనదు. అంకె 1 అయ్యేసరికే తొట్టిలో ఆ సిలికాతో పెరిగే నాచు గోధుమరంగు పొరగా కనబడవచ్చు. 1 కనబడితే రెజిన్ మార్చండి, 10 అయ్యేదాకా ఆగకండి. యంత్రం ఆన్ చేసిన మొదటి కొన్ని నిమిషాల నీళ్లను పారబోయండి. ఆగి ఉన్నంతసేపూ మెంబ్రేన్‌కు ఇవతలి నీటిలోకి లవణాలు మెల్లగా చేరుతుంటాయి. ఆ నీళ్లు అలాగే రెజిన్‌లోకి వెళ్తే దాని ఆయుష్షు కరిగిపోతుంది.

నీళ్లను ఒక రాత్రి మూత తీసి ఉంచితే చాలన్నది ఒకప్పుడు సరైన మాటే, క్లోరిన్ ఎగిరిపోయేది. ఇప్పుడు కొన్ని సరఫరాల్లో క్లోరిన్‌కు అమ్మోనియా కలిపిన క్లోరమిన్ వాడుతున్నారు, అది అలా ఎగిరిపోదు. కార్బన్ దాన్ని విడగొడితే అమ్మోనియా మిగులుతుంది. దాన్ని పట్టుకోవడానికి మళ్లీ డీఐ రెజినే కావాలి.

మరిగించిన నీళ్లా? మరిగిస్తే క్రిములు చస్తాయి. రాగి, నైట్రేట్ మాత్రం తగ్గిన నీళ్లలో ఇంకాస్త చిక్కబడతాయి. వాన నీళ్లు పైకప్పునూ గొట్టాలనూ కడుక్కుని వస్తాయి, వద్దు.

ఇక ఉప్పు.

అపోహ: సముద్రపు కళ్లుప్పు సముద్రం నుంచే వచ్చింది కదా, అయోడిన్ లేనిది చూసి వేస్తే చాలు.

ఇది నేనూ నమ్మాను. నా మొదటి తొట్టికి ఎవరో చెబితే కళ్లుప్పే వాడాను. ఉప్పదనం సరిగ్గా ఉందని కొలిచి మరీ మూడు డామ్సెల్ చేపల్ని వదిలాను. నాలుగో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. వాటి మొప్పలు ఎగసిపడటం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

వాస్తవం: తప్పు అయోడిన్‌ది కాదు. ఉప్పుమడిలో సముద్రపు నీరు ఎండుతుంటే మొదట కాల్షియం కార్బొనేట్, ఆ తర్వాత జిప్సం అడుక్కు దిగిపోతాయి. నీరు దాదాపు పదోవంతుకు తగ్గాక గానీ మనం తినే ఉప్పు గడ్డకట్టదు. మెగ్నీషియం, పొటాషియం పై నీటిలోనే ఉండిపోతాయి. ఉప్పు చేదెక్కకుండా ఆ చేదునీటిని బయటికి వదిలేస్తారు. ముందు దిగినవి ముందే పోయాయి, చివర మిగిలినవి చివర పోయాయి. చేతికొచ్చింది దాదాపు వట్టి సోడియం క్లోరైడ్. సముద్రపు నీటిలోనైతే లీటరుకు మెగ్నీషియం దాదాపు 1,300 మిల్లీగ్రాములు, కాల్షియం 400 పైచిలుకు, పొటాషియం 400 దాకా, సల్ఫేట్ 2,700 ఉంటాయి. పీహెచ్‌ను నిలబెట్టే క్షారత, దాన్ని కొలిచే డీకేహెచ్ లెక్కలో, 7 దరిదాపుల్లో ఉంటుంది. 1872 నుంచి 1876 వరకు చాలెంజర్ నౌక ప్రపంచ సముద్రాల నుంచి సేకరించిన 77 నమూనాలను డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి 1884లో వివరాలు వెల్లడించాడు. ఉప్పదనం ఎక్కడ ఎంత ఉన్నా ప్రధాన లవణాల పాళ్లు మాత్రం ఇంచుమించు ఒకటేనని తేల్చాడు. సముద్రజీవులు పుట్టి పెరిగింది ఆ పాళ్లలోనే. అక్వేరియం కోసం సాల్ట్‌మిక్స్ అనే ఉప్పు మిశ్రమం అమ్మే కంపెనీలు చేసేది ఆ పాళ్లను తిరిగి కలపడమే. ఖరీదెక్కువని నాకు తెలుసు. తగ్గించుకోవాలంటే తొట్టి చిన్నది పెట్టుకోండి గానీ, ఉప్పు మార్చకండి.

ఏ కంపెనీ ఉప్పు గొప్పదన్న వాదనలో మాత్రం నేను దిగను. పేరున్నది ఏదైనా ఒకటి పట్టుకుని దానితోనే ఉండండి.

సముద్రం దగ్గరే ఉంటే నీళ్లు తెచ్చుకోవచ్చా అంటే, తెచ్చుకోవచ్చు. నదీముఖాలకు, రేవులకు దూరంగా, వానలు లేని రోజుల్లో, ఒడ్డు మీంచి కాకుండా లోపలికి వెళ్లి తేవాలి. వడగట్టి, గాలి ఆడించి, అమ్మోనియా చూసుకున్నాకే పోయాలి. లేకపోతే అందులో తేలే కంటికానని ప్లాంక్టన్ జీవులు డబ్బాలోనే చచ్చి కుళ్లుతాయి.

కలిపే పద్ధతిలో చేసే పొరపాటు కూడా ఖరీదైనదే. ఉప్పు మీద నీళ్లు పోయకండి, నీళ్లలోకి ఉప్పు కొంచెంకొంచెంగా వేయండి. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున చిక్కబడిన చోట కాల్షియం కార్బొనేట్ తెల్లగా విరిగిపోతుంది, ఇక కరగదు. చేపలున్న తొట్టిలో నేరుగా ఉప్పు ఎప్పుడూ వేయకూడదు. విడి డ్రమ్ములో పంపు పెట్టి తిప్పి, 25 డిగ్రీల దగ్గర ఉప్పదనం వెయ్యి పాళ్లకు 35, అంటే సాంద్రత 1.026 ఉందో లేదో చూడండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును శుద్ధమైన నీటితో సున్నాకు తెచ్చి ఊరుకోకండి, ఉప్పదనం సరిగ్గా 35 ఉన్న ద్రావణంతో సరిచూడండి. ఆవిరైన నీళ్లకు బదులు ఉప్పునీళ్లు పోసేవాళ్లు కూడా ఉన్నారు. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి పోయాల్సింది ఉప్పులేని నీళ్లే, మీటరు సున్నా చూపే ఆ నీళ్లే.

ఇన్నాళ్లూ వంటింటి నీళ్లే పోస్తున్నానే అని కంగారుపడేవాళ్లకు ఒక మాట. ఈ రాత్రికి రాత్రి తొట్టి ఖాళీ చేయకండి. ఉన్నపళాన నీళ్లన్నీ మారిస్తే బతికున్నవి కూడా పోతాయి. వారానికి 15 శాతం చొప్పున, వేడీ ఉప్పదనం కలిసేలా మార్చుకుంటూ రండి. రాగి అనుమానముంటే రాగి టెస్ట్ కిట్ తెచ్చుకోండి.

ఆవిడ తొట్టిలో పరీక్ష నీళ్లకు రంగు వచ్చింది, అంటే రాగి ఉంది. యాక్టివేటెడ్ కార్బన్, లోహాలను పట్టే రెజిన్ పెట్టించాను. సున్నా నీళ్లతో కలిపిన ఉప్పునీళ్లు వారం వారం మార్చారు. వరుసగా రెండు వారాలు రంగు రాకపోతేనే కొత్త ప్రాణిని తేవాలని ఒప్పందం చేసుకున్నాం. పోయిన వారం ఒక నత్తను వదిలారు. పొద్దున ఫొటో పంపారు, అద్దం మీద సగం దాకా ఎక్కింది. రొయ్యకు ఇంకో నెల ఆగమన్నాను.