ముఖం కనిపిస్తుంది, భావం అందదు

‘ముఖం చిన్నబోయిందేం?’ అని గుమ్మంలోనే అడుగుతుంది అమ్మ. మనం నోరు విప్పకముందే ఆమెకు సంగతి తెలిసిపోతుంది. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉన్న చాలామందికి ఇలా ముఖం చదవడం కష్టం. ఎదుటి మనిషి ఎవరో తెలుస్తుంది కానీ, ఆ ముఖంలోని భయాన్నో కోపాన్నో విచారాన్నో పోల్చుకోలేరు. ఏ భావమూ లేని ముఖంలో సైతం కొందరికి బెదిరింపు కనిపిస్తుంది. ఊరికే చూస్తున్న పక్కింటాయన కక్షగట్టినట్లు తోస్తే గడప దాటడం ఎలా? మందులు భ్రమలను, లేని గొంతులు వినిపించడాన్ని చాలామందిలో అదుపు చేస్తాయి. ఈ లోటును మాత్రం అంతగా పూడ్చలేవు. దీన్ని మొండితనమనో, ప్రేమలేనితనమనో ఇంట్లోవాళ్లు పొరబడడం నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

అందుకే పుర్రె తెరవకుండా, బయటి నుంచే మెదడును ప్రేరేపించే పద్ధతులను పరిశోధకులు పరీక్షిస్తున్నారు. అందులో ఒకటి అయస్కాంతంతో చేసేది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని చేసి చూపింది. తలకు ఆనించిన తీగచుట్టలో క్షణకాలం బలమైన విద్యుత్తు పారితే, ఆ అయస్కాంత క్షేత్రం మెదడు పైపొరలో చిన్న విద్యుత్తును పుట్టిస్తుంది. చేతిని కదిలించే మెదడు భాగం మీద ఆ తీగచుట్టను పెడితే ‘టక్’మన్న చప్పుడుతో పాటు బొటనవేలు దానంతటదే అదురుతుంది. ఆ అదురును బట్టే మోతాదు నిర్ణయిస్తారు. రెండో పద్ధతిలో ఉప్పునీటిలో తడిపి తలపై పెట్టిన స్పాంజీల గుండా 1-2 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును సుమారు 20 నిమిషాలు పంపుతారు.

భయాన్ని పసిగట్టడంలో కీలకమైన అమిగ్డలా అనే భాగం మెదడు లోతున ఉంటుంది. మామూలు తీగచుట్ట ప్రభావం అంత లోపలికి చేరదు. అందుకని అమిగ్డలాతో సంబంధమున్న, నుదుటి వెనుక భాగాన్ని ఎంచుకుంటారు. 2014లో జర్మన్ పరిశోధకులు స్కిజోఫ్రీనియా ఉన్నవారికి అక్కడ ఎడమవైపు సెకనుకు 10 అయస్కాంత స్పందనల చొప్పున ఇచ్చి చూశారు. ఉత్తుత్తి చికిత్స (అసలు ప్రేరణ లేకుండా, ఇచ్చినట్లు అనిపించేలా చేసేది) పొందినవారికంటే వీరు ముఖభావాలను మెరుగ్గా గుర్తించారు. ఇతర అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది కాబట్టి, దీన్ని నమ్ముకుని మందులు మానడం ప్రమాదం.

ఉత్తుత్తి చికిత్స లేనిదే ఈ ఫలితాలను నమ్మలేం. విద్యుత్తు పద్ధతిలోనైతే ఉత్తుత్తి చికిత్సకు మొదటి అరనిమిషం చురుక్కుమనిపించి, తెలియకుండా ఆపేస్తారు. ఫలితాన్ని దేనితో కొలుస్తామన్నదీ అంతే ముఖ్యం. పాశ్చాత్యుల ఫొటోలతో మనవాళ్లను పరీక్షించడం సబబు కాదని బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు భారతీయ నటుల ముఖాలతో ఒక పరీక్ష రూపొందించారు. అందులో ఫొటోలతో పాటు వీడియోలూ ఉన్నాయి, ఇంట్లో ముఖాలు కదలకుండా నిలబడవు కదా. ఈ పరీక్షలో పెరిగిన మార్కులు అన్నం వడ్డిస్తున్న అమ్మ ముఖం దగ్గర అక్కరకొస్తున్నాయో లేదో కూడా కొలవాలని నా కోరిక.