సిటీలో చంటిపిల్లల పెంపకం: పిల్లల డాక్టరుగా నేను రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

కూకట్‌పల్లిలో మా క్లినిక్‌కి సాయంత్రం ఆరు దాటాక వచ్చే పిల్లల్లో చాలామందికి పెద్ద జబ్బేమీ ఉండదు. టెన్షనంతా అమ్మానాన్నలదే. "సిటీ కదండీ" అని మొదలుపెడతారు. సిటీ కదండీ, నీళ్ళు మంచివి కావు. సిటీ కదండీ, ఎండ తగలదు, మట్టి లేదు, ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ పదిహేడేళ్ళుగా చూస్తున్నాను. ఆ లోటు పూడ్చాలని ఇంటికి తెచ్చుకున్నవే చాలాసార్లు నా దగ్గరికి కేసులుగా వస్తున్నాయి: పాల ప్యాకెట్లు, పొడి డబ్బాలు, సిరప్‌లు, ఫోను. ఏడాది నుంచి నాలుగైదేళ్ళ లోపు పిల్లల ఇళ్ళలో నాకు తరచూ ఎదురయ్యేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అన్నం తినకపోతేనేం, పాలు తాగుతున్నాడుగా

మొన్న ఒక నానమ్మగారు రెండేళ్ళ మనవడిని ఎత్తుకొచ్చారు, వెనకాల కోడలు. ఆవిడ ఏలూరు నుంచి వచ్చి రెండు వారాలయిందట. "పిల్లాడు మంచి రంగు అని అపార్ట్‌మెంటంతా ముచ్చటపడుతోంది డాక్టరమ్మా, నా కంటికేమో పాలిపోయినట్టున్నాడు" అన్నారు. కంటి కింది రెప్ప లాగి చూశాను, ఎరుపన్నదే లేదు. చెయ్యి పట్టుకుంటే గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి. ఇదేంటమ్మా అంటే కోడలు మొహమాటంగా నవ్వింది. సోఫా వెనక గోడ గోకి తింటున్నాడట. పుట్టీ పెచ్చులుగా ఊడి గోడ మీద జానెడు మచ్చ పడిందట, ఖాళీ చేసేటప్పుడు ఓనరు అడ్వాన్సులో కోస్తాడేమోనని ఆ పిల్ల దిగులు. కాల్షియం తక్కువైతేనే సున్నం తింటారని ఎవరో చెబితే, రోజూ ఇంకో గ్లాసు పాలు పెంచారు. మొత్తం ఎన్ని పాలు తాగుతాడని అడిగాను. "ఎక్కువేం కాదండీ, రెండు ప్యాకెట్లు." అర లీటరువి. అంటే లీటరు. హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది. ఆ వయసుకి 11 దగ్గర ఉండాలి.

వాస్తవం: మట్టి, సున్నం, సుద్దముక్క తినాలనిపించడం చాలాసార్లు ఐరన్ లోపానికి గుర్తు. పాలలో కాల్షియం ఉంది, ప్రొటీన్ ఉంది, ఐరన్ మాత్రం లేనట్టే లెక్క. పైగా తిండిలో ఉన్న కాస్త ఐరన్ కూడా ఒంటికి పట్టకుండా కాల్షియం అడ్డుపడుతుంది. లీటరు పాలు పట్టిన పొట్టలో పప్పన్నానికి చోటెక్కడిది? ఏడాది లోపు పిల్లలకి ఆవుపాలు, గేదెపాలు తాగించొద్దు. ఏడాది దాటాక రోజుకి 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు, అదీ గ్లాసుతో. సీసా ఉన్నంతకాలం ఆ లెక్క అదుపులోకి రాదు.

మాకు అలాంటి లోపం ఎందుకుంటుందండీ, ఫ్లాటు, కారు ఉన్నవాళ్ళం అనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. దేశం మొత్తం మీద పల్లెల్లో 68 ఉంటే పట్టణాల్లో 64. సిటీకి వచ్చి మనం తప్పించుకున్నది నాలుగు శాతం!

బీట్‌రూట్ రసం గురించి కూడా చెప్పేస్తాను. ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందనుకుంటారు, అందులో ఐరన్ చాలా తక్కువ. రాగి జావ మంచిదే, దాని గొప్పతనమంతా కాల్షియంలో ఉంది. మాంసాహారులైతే మెత్తగా ఉడికించిన లివర్, కీమా, చికెన్ పెట్టండి. శాకాహారులైతే తోటకూర పప్పు, శనగలు, బొబ్బర్లు. పైన నిమ్మరసం పిండితే ఐరన్ బాగా పడుతుంది. హిమోగ్లోబిన్ బాగా పడిపోయాక మాత్రం తిండితో కుదరదు, సిరప్ వాడాల్సిందే. దాన్ని పాలతో కలిపి ఇవ్వకండి. విరేచనం నల్లగా వస్తే కంగారుపడి ఆపేయకండి, అది మామూలే. లెక్క సరిపోయాక కూడా రెండు మూడు నెలలు కొనసాగించాలి, లేకపోతే నిల్వలు నిండవు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

అపోహ: పాలల్లో హెల్త్ డ్రింక్ పొడి కలిపితే ఆ లోటు తీరిపోతుంది

డబ్బా తిప్పి వెనకాల చదవండి. పదార్థాల పేర్లు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాస్తారు. చక్కెర ఎన్నో స్థానంలో ఉందో చూస్తే చాలు. అసలు మన ఆహార చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే రకమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఆన్‌లైన్ అమ్మకాల సైట్లు ఇలాంటి పానీయాలను ఆ పేరుతో చూపించొద్దని సూచించింది. పేరు తీసేసినా పొడి అదే.

అపోహ: ఫోను పెట్టకపోతే ముద్ద దిగదు

మా వెయిటింగ్ హాల్లో రోజూ కనిపించే దృశ్యం. పాప ఒళ్ళో ఫోను, తల్లి చేతిలో ఇడ్లీ డబ్బా. స్పూను దగ్గరకి రాగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది, కళ్ళు మాత్రం ఫోను మీదే. ఒకరోజు నెట్ ఆగిపోయి తెర మీద చక్రం గుండ్రంగా తిరగడం మొదలైంది. పాప నోరు మూసేసుకుంది. అప్పుడు మొదటిసారి స్పూను వంక చూసింది, ఇదెక్కడి నుంచి వచ్చిందన్నట్టు.

వాస్తవం: ఆ పాప తినడం లేదు, మనమే కూరుతున్నాం. ఆకలి, కడుపు నిండడం, రుచి అన్నవి నేర్చుకోవాల్సిన వయసులో అవేవీ దాని మెదడుకి చేరడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదీ, మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెప్పేదీ ఒక్కటే: రెండేళ్ళ లోపు స్క్రీన్ వద్దు, రెండు నుంచి ఐదేళ్ళ లోపు రోజుకి గంట మించొద్దు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్‌ని ఐఏపీ ఆ లెక్కలోంచి మినహాయించింది, అది నిశ్చింతగా చేయండి.

"మేం చందమామని చూపించి తినిపించలేదా?" అని ఓ పెద్దావిడ నన్ను నిలదీశారు. నిజమే, అదీ దృష్టి మళ్ళించడమే. కాకపోతే చందమామ రెండు సెకన్లకోసారి మారదు. పైగా చూపించేవాళ్ళు మాట్లాడతారు, పిల్ల బదులు చెబుతుంది.

మానిపించడం ఎలా? ఒక్కసారిగానే. మీరు తినే టైముకే పిల్లని కూడా కూర్చోబెట్టండి, కంచం ముందు పెట్టండి, పారబోసుకోనివ్వండి. అరగంట చూసి కంచం తీసేయండి, వెంటపడొద్దు. నాలుగైదు రోజులు బాగా తక్కువ తింటుంది. మూత్రం మామూలుగా పోస్తూ, ఆడుకుంటూ ఉంటే ఆ నాలుగు రోజులూ మీరు గట్టిగా ఉండాలి. ఇంట్లో ఒక్కరు జారిపోయినా మళ్ళీ మొదటికే వస్తుంది. ఆ ఒక్కరు చాలాసార్లు నాన్నగారే.

అలాగని కుక్కర్ దింపేదాకా ఇరవై నిమిషాలు బొమ్మలు పెట్టానని నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్న తల్లులూ ఉన్నారు. మూడేళ్ళ పిల్లకి ఇరవై నిమిషాలతో కొంపేం మునిగిపోదు. రెండు గదుల ఇంట్లో ఒంటిచేత్తో చేసుకునేవాళ్ళకి ఊపిరి తీసుకునే వ్యవధి కావాలి.

అపోహ: ఇంట్లో తెలుగు, ఆయాతో హిందీ, స్కూల్లో ఇంగ్లిష్. అన్నీ కలిసిపోయి మాటలు రావడం లేదు

వాస్తవం: రెండు మూడు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఒకే వాక్యంలో మూడూ కలిపేస్తారు, అది తప్పు కాదు. పాతబస్తీలో, సికింద్రాబాద్‌లో తరతరాలుగా పిల్లలు అలాగే పెరిగారు. అసలు నష్టం మరోచోట జరుగుతుంది. ప్లేస్కూల్ వాళ్ళు ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమంటారు. అప్పటిదాకా గలగలా కబుర్లు చెప్పిన తల్లి "కమ్ నాన్నా, ఈట్ నాన్నా, డోంట్ టచ్ నాన్నా" దగ్గర ఆగిపోతుంది. మీకు ఏ భాషలో నోరు తిరుగుతుందో, ఏ భాషలో కోపం, ముద్దు వస్తాయో ఆ భాషలోనే మాట్లాడండి.

"మగపిల్లలకి లేటుగానే వస్తాయి", "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే వచ్చాయట" అనే మాటలు నాకు ఇంకా భయం. ఈ మాటలు విని ఏడాది పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమందో. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకి కావాల్సినదాన్ని వేలితో చూపించకపోయినా, ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్ళకి "నాన్న లేడు", "పాలు వద్దు" లాంటి రెండు మాటలు కలపకపోయినా ఆగొద్దు. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా సరే, ఆ వారమే రండి. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. డబ్బు గురించి వెనకాడకండి, పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకం కింద నడిచే డైక్ కేంద్రాల్లో (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే జిల్లా కేంద్రాలు) ఈ పరీక్షలు, థెరపీ ఉచితం. "ఇది ఫోను చూసి చూసి వచ్చిన వర్చువల్ ఆటిజం, ఫోను తీసేస్తే పోతుంది" అని వీడియోల్లో చెబుతున్నారు. అలాంటి జబ్బు పేరు వైద్యంలో లేదు. ఫోను తీసేయండి, కానీ పరీక్ష ఆపకండి.

అపోహ: నెలనెలా జలుబంటే ఇమ్యూనిటీ లేనట్టే

వాస్తవం: ప్లేస్కూల్లోనో డేకేర్‌లోనో చేరిన మొదటి ఏడాది ఎనిమిది, పది జలుబులు మామూలు. ఒక్కోటి పది రోజులుంటుంది. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా ముక్కు కారుతూనే ఉన్నట్టనిపిస్తుంది. ఆ వైరస్‌లకి యాంటీబయాటిక్ పనిచేయదు. "పోయినసారి రాసిందే తెచ్చి వేశామండీ" అన్న మాట వినగానే నా బీపీ పెరుగుతుంది. ఇమ్యూనిటీ పెంచే సిరప్ నేనెప్పుడూ రాయలేదు.

దగ్గు మందు సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. జలుబు మందుల్లో తరచుగా కలిపే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ జోడీని నాలుగేళ్ళ లోపు వాడొద్దని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి కిడ్నీలు పాడై పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం రెండేళ్ళ లోపు ఈ మందులు అసలే రాయొద్దనీ, ఐదేళ్ళ లోపు సాధారణంగా వద్దనీ మళ్ళీ చెప్పింది. ముక్కులో సెలైన్ చుక్కలు, గోరువెచ్చటి నీళ్ళు చాలు. ఏడాది దాటినవాళ్ళకి పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు. ఏడాది లోపు తేనె నాకించొద్దు.

ఎప్పుడు పరిగెత్తాలో తెలుసుకుంటే మిగతా రోజులు నిద్రపోవచ్చు. పిల్ల నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, ఫోన్లో టైమర్ పెట్టి పూర్తిగా నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 దాటినా, డొక్కలు లోపలికి పోతున్నా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళండి.

అపోహ: విరేచనాలకి షాపులో దొరికే డబ్బా ఓఆర్‌ఎస్ పట్టిస్తే సరి

వాస్తవం: ఇప్పటిదాకా ఆ పేరుతో అమ్మినవాటిలో చాలావరకు చక్కెర నీళ్ళు. అవి తాగితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. దీని మీద మన హైదరాబాద్ డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. మా వాళ్ళలో ఒకరు గెలిచారని ఆ రోజు నేను క్లినిక్‌లో మిఠాయి పంచాను.

ప్యాకెట్ మీద "డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా" ఉందో లేదో చూసి కొనండి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, చిటికెడు చిటికెడు గ్లాసులో వేయకూడదు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే పనిచేయదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ఆరు నెలలు దాటిన పిల్లలకి దీనితోపాటు జింక్ 20 మిల్లీగ్రాములు 14 రోజులు. విరేచనాలు మూడో రోజే తగ్గినా జింక్ ఆపొద్దు. పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు మామూలుగానే పెట్టండి. కడుపు మాడ్చడం పాత పద్ధతి.

అపోహ: బాల్కనీ అద్దంలోంచి ఎండ పడుతుందిగా

విటమిన్ డి తయారు చేసే కిరణాలు అద్దం దాటి రావు. ఏడాది లోపు పిల్లలకి రోజూ 400 యూనిట్ల చుక్కలు ఎలాగూ ఇస్తాం. ఆ మందు మిల్లీలీటరుకి 400 ఉన్నదీ దొరుకుతుంది, 800 ఉన్నదీ దొరుకుతుంది. సీసా మారినప్పుడల్లా లేబుల్ చదవండి. పెద్దపిల్లల్ని పార్కుకో, మేడ మీదకో తీసుకెళ్ళండి. బయటి వెలుతురులో ఎక్కువసేపు ఆడుకునే పిల్లలకి దూరంవి మసకగా కనిపించి కళ్ళద్దాలు వచ్చే అవకాశమూ తగ్గుతుంది.

అపోహ: సందు చివరి స్కూలే కదా, బండి మీద ముందు నిలబెట్టుకుంటా

వాస్తవం: సడన్ బ్రేక్ పడితే హ్యాండిల్‌కి ముందుగా తగిలేది ఆ పసి మొహమే. పళ్ళు విరిగి, గడ్డం చీలి వచ్చినవాళ్ళందరూ ఇంటికి కిలోమీటరు లోపు పడ్డవాళ్ళే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలు టూవీలర్ మీద వెనకాల కూర్చుంటే హెల్మెట్, నడిపేవారికి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలనీ, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదనీ 2023 ఫిబ్రవరి 15 నుంచి కేంద్ర నిబంధన ఉంది. తెలిసినవాళ్ళు నాకు పదిమంది కూడా తగల్లేదు. హెల్మెట్ కొనేటప్పుడు "పెరుగుతాడులే" అని పెద్దది కొనకండి. పట్టీ బిగించి తల అటూ ఇటూ ఊపమనండి, హెల్మెట్ జారితే సైజు తప్పు. బరువైనది వద్దు, ఆ మెడ ఇంకా దాన్ని మోయలేదు. వాడికి నచ్చిన రంగు వాడినే ఎంచుకోనిస్తే రోజూ గేటు దగ్గర పేచీ ఉండదు.