బడి తెరిచే ముందు రెండు వారాలు: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల గురించి అపోహలు - వాస్తవాలు

మన రాష్ట్రంలో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. మే నెలాఖరుకే విజయనగరం, శ్రీకాకుళం బజార్లలో నోటుపుస్తకాలు, అట్టలు, బూట్లు కొనే హడావుడి మొదలవుతుంది. కొనడం పూర్తయితే పిల్లలు సిద్ధమైనట్టేనని చాలా ఇళ్ళలో అనుకుంటారు. ఊళ్ళో ఐదు ముగించి ఆరో తరగతికి జెడ్పీ హైస్కూలుకో, ఆడపిల్లల వసతి బడి కేజీబీవీకో వెళ్ళే పిల్లలకి అది చాలదు. అప్పటిదాకా ఒకరిద్దరు టీచర్ల దగ్గర చదివినవాళ్ళకి ఇక పీరియడ్‌కో టీచరు, కొత్తగా హిందీ, సబ్జెక్టుకో నోటుపుస్తకం. ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం), ఆటిజం (నలుగురితో కలవడం, మార్పుల్ని తట్టుకోవడం కష్టమవడం), డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలు ఈ మలుపు దగ్గరే ఎక్కువగా చిక్కుకుంటారు.

అపోహ: సెలవుల చివర్లో పాఠాలు తిరగేయిస్తే చాలు.

పోయిన ఏడాది పాఠం కొంత మరిచిపోతే టీచర్లు అందుకుంటారు. పొద్దున్నే లేవడం, సంచి సర్దుకోవడం, డైరీలో హోంవర్కు రాసుకోవడం మాత్రం తరగతిలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఈ రెండు వారాలు వాటికే ఇవ్వండి. చదువు రోజుకి అరగంట చాలు.

అపోహ: బడి తెరిచాక నిద్ర దానంతటదే దారిలో పడుతుంది.

పడదు. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నిండినవాళ్ళకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. సెలవుల్లో ఎనిమిదిన్నరకి లేచే పిల్లని జూన్ 12న ఆరింటికి లేపితే ఆ వారమంతా తరగతిలో తూగుతుంది. ఇంట్లో చేసే పొరపాటు ఏంటంటే, ముందు పడుకునే వేళని జరపడం. నిద్ర రాని పిల్లని తొమ్మిదింటికి మంచం మీదకి తోలితే మిగిలేది గొడవే. లేచే వేళని ముందు జరపాలి: రెండు రోజులకోసారి 20 నిమిషాలు. ఎనిమిదిన్నర నుంచి ఆరుకి రావడానికి దాదాపు 16 రోజులు పడుతుంది, కాబట్టి మే 27 లోపే మొదలుపెట్టండి. లేచిన వెంటనే ఓ పావుగంట వీధి అరుగు మీద వెలుతురులో కూర్చోబెట్టండి. మధ్యాహ్నం ఎండకి కునుకు తీస్తే అరగంట మించనివ్వద్దు, అదీ మూడింటి లోపు. పడుకోవడానికి గంట ముందు ఫోను వేరే గదిలో పెట్టండి.

ఏడీహెచ్‌డీకి మందు వాడే పిల్లలకి డాక్టరు సెలవుల్లో ఆపి ఉంటే, బడి తెరిచే రోజు మీరే మొదలుపెట్టకండి. వారం ముందే డాక్టరుని అడిగి, ఎప్పుడు, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో రాయించుకోండి.

అపోహ: "మా గుంటడికి అన్నీ తెలుసండి, బద్ధకమే."

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల గురించి మేం ఎక్కువగా వినే మాట ఇదే. ఆ పిల్లాడికి తెలుసు, నిజమే. తెలిసిన పనిని ఆ వేళకి గుర్తు తెచ్చుకుని, వరసలో పెట్టి, మధ్యలో వదలకుండా పూర్తి చేయడం దగ్గర మెదడు సాయం చేయదు. తిడితే ఆ సామర్థ్యం రాదు. గుర్తుంచుకోవాల్సినదాన్ని తలలోంచి తీసి కంటికి కనపడేచోట పెట్టాలి. సంచి సర్దడంతో మొదలుపెట్టండి. రోజూ జరిగేది, పొద్దున్న గొడవకి ఎక్కువసార్లు కారణమయ్యేది అదే.

సబ్జెక్టుకో రంగు తీసుకోండి. లెక్కల పాఠ్యపుస్తకానికీ, దాని నోటుపుస్తకానికీ నీలం అట్ట. హిందీకి ఎరుపు. టైంటేబుల్‌లో ఆ పీరియడ్ గడికి అదే రంగు పూయండి. చదవడం కష్టమైన పిల్లలు కూడా రంగు చూసి తీసుకోగలరు. బడిలో టైంటేబుల్ వెంటనే ఇవ్వకపోతే ఇంట్లో ఉత్తుత్తి టైంటేబుల్ ఒకటి వేసి అభ్యాసం చేయించండి. సర్దడం రాత్రి భోజనానికి ముందు జరగాలి. తిన్నాక ఓపిక ఉండదు, పొద్దున్న తీరిక ఉండదు.

ఐదు బొమ్మల కార్డు ఒకటి చేసి సంచి జిప్పుకి దారంతో కట్టండి: పుస్తకాలు, డైరీ, పెన్నుల డబ్బా, నీళ్ళ సీసా, బస్సు పాసు. ఐదు దాటనివ్వద్దు. పదిహేను రాస్తే మూడో రోజు నుంచి ఎవరూ చూడరు.

నేర్పేటప్పుడు చివర నుంచి మొదటికి రండి. మొదటి మూడు రోజులు అంతా మీరే సర్ది, కార్డు చూసి జిప్పు వేయడం మాత్రం పిల్లాడికి వదలండి. తర్వాత మూడు రోజులు సీసా, డబ్బా పెట్టడం, జిప్పు వేయడం. ఆ తర్వాత పుస్తకాలు. ప్రతి రోజూ పని పూర్తయ్యేది పిల్లాడి చేతిలోనే కాబట్టి "అయిపోయింది" అన్న తృప్తి వాడిదవుతుంది. వాడు మరిచిన పుస్తకాన్ని తల్లి చాటుగా సంచిలో పడేయడం దగ్గర ఇది చెడుతుంది. "కార్డు చూడు" అని ఒక్క మాట అని పది సెకన్లు ఆగండి. ఆ పది సెకన్లలో మళ్ళీ మాట్లాడితే మొదటి మాట చెరిగిపోతుంది.

సంచి బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. ఆరు, ఏడు తరగతులకి 2 నుంచి 3 కిలోలు. అన్ని పుస్తకాలూ రోజూ మోసే పిల్లాడు చాలాసార్లు సర్దుకోవడం రానివాడే.

అపోహ: ఆటిజం ఉన్న పిల్లలకి ముందే చెబితే భయపడతారు, వెళ్ళాక అదే అలవాటవుతుంది.

భయపెట్టేది తెలియనితనమే. బడి తెరిచే ముందు వారంలో హెడ్మాస్టరుని అడిగి ఖాళీ బడికి రెండుసార్లు తీసుకెళ్ళండి. గేటు, తరగతి గది, కూర్చునే చోటు, కుళాయి, మరుగుదొడ్డి, భోజనాల చోటు, సాయం అడగాల్సిన టీచరు ఉండే గది. వీటిని ఫోన్లో ఫోటోలు తీసి, ఒక్కో కాగితం మీద రెండేసి వేయించండి. కింద పిల్ల మాటల్లోనే ఒక్కో వాక్యం: "గంట గట్టిగా మోగుతుంది. నేను చెవులు మూసుకోవచ్చు. తర్వాత తెలుగు పీరియడ్." రోజుకోసారి చదవండి. "ఏడవకూడదు", "అల్లరి చేయకూడదు" లాంటి వాక్యాలు రాస్తే అది హెచ్చరికల చీటీ అయిపోతుంది, పిల్ల పక్కన పడేస్తుంది.

మరుగుదొడ్డి గడియ వేసి తీయడం అక్కడే అభ్యాసం చేయించండి. గడియ రాక, వాసన భరించలేక సాయంత్రం దాకా ఆపుకునే పిల్లలు ఉంటారు. వాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికి తలనొప్పి, చిరాకు. అవి చూసి ప్రవర్తన బాగాలేదంటారు.

కొత్త యూనిఫాం కుట్టించగానే మూడు నాలుగుసార్లు ఉతికి, మెడ దగ్గరి లేబుల్ కత్తిరించండి. వేసవంతా చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్ళకి బూట్లు, మేజోళ్ళు మొదట పది నిమిషాలు, రోజుకి ఇంకో పది. మేజోడు వేళ్ళ దగ్గర కుట్టు గుచ్చుకుంటుంటే తిరగేసి తొడగండి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు వాసన, కంచాల చప్పుడు పడకపోతే వరస చివర కూర్చోనిమ్మని టీచరుకి ముందే చెప్పండి.

నెల్లిమర్ల నుంచో ఆమదాలవలస నుంచో బస్సులో వెళ్ళే పిల్లలైతే, బడికి వెళ్ళే వేళకే ఒకటి రెండుసార్లు ఆ బస్సు ఎక్కించండి. ఖాళీ బస్సులో మధ్యాహ్నం వెళ్ళొస్తే పొద్దున్న రద్దీ అలవాటు కాదు. బస్సు రాకపోతే ఎక్కడ నిలబడాలో, ఎవరికి ఫోను చేయించాలో కూడా చెప్పి ఉంచండి.

కళ్ళలోకి చూడట్లేదంటే వినట్లేదని కాదు. ఈ ముక్క కొత్త టీచర్లందరికీ మొదటి రోజే తెలియాలి.

అపోహ: పదిసార్లు రాయిస్తే డిస్లెక్సియా పోతుంది.

పదిసార్లు రాసేది చెయ్యి, చదవాల్సింది మనసు. అక్షరాన్ని శబ్దంతో కలపడం దగ్గర ఇబ్బంది ఉన్న పిల్లాడికి తెలుగు, ఇంగ్లీషులకి తోడు ఆరులో మూడో లిపి వస్తుంది. సెలవుల్లో హిందీ వర్ణమాల అంతా బట్టీ వేయించకండి. రోజుకి పది నిమిషాలు, మూడే అక్షరాలు, పెద్దగా రాసి వేలితో దిద్దిస్తూ శబ్దం పలికించండి. నిన్నటి మూడూ వచ్చాకే కొత్తవి.

అపోహ: వైకల్య సర్టిఫికెట్ లేకుండా బడిలో ఏమీ అడగకూడదు.

ముందు బెంచీ, బోర్డు మీది నోట్సు ఫోటో తీసుకోనివ్వడం, హోంవర్కు సగానికి తగ్గించడం, గదిలోంచి రెండు నిమిషాలు బయటికి వెళ్ళొచ్చే అనుమతి. వీటికి ఏ కాగితమూ అక్కర్లేదు. తరగతి టీచరుకి ఒక్క పేజీ రాసివ్వండి: ఏం కష్టం, ఇంట్లో ఏం పనిచేస్తోంది, కోపం వచ్చే ముందు ఏం కనిపిస్తుంది.

పరీక్షల్లో అదనపు సమయం లాంటి వాటికి మాత్రం సర్టిఫికెట్ కావాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా ఇందులోదే) ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి స్లాటు గురించి సచివాలయంలో అడగండి. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) ఉంటే అక్కడి ఐఈఆర్‌పీ టీచరుని, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పే టీచరుని, బడి తెరవకముందే కలవండి.

అపోహ: పొద్దున్నే కడుపునొప్పి అంటే నాటకం.

ఆందోళన వల్ల వచ్చే నొప్పి నిజంగానే నొప్పి. ముందు డాక్టరుకి చూపించండి. ఆదివారం లేకుండా బడి రోజుల్లోనే వస్తుంటే ఎక్కడ భయమో వెతకండి: బస్సా, మరుగుదొడ్డా, పెద్ద పిల్లల వెక్కిరింపులా, టీచరు బెత్తమా. కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. ఇంట్లో పూర్తిగా ఉంచేయకండి, మానేసిన ప్రతి రోజూ మర్నాటి గడపని ఇంకాస్త ఎత్తు చేస్తుంది. హెడ్మాస్టరుతో మాట్లాడి రెండు పీరియడ్లతోనైనా వెళ్ళనివ్వండి, మూడు నాలుగు రోజులకోసారి ఒకటి పెంచండి.

అపోహ: మొదటి రోజు నుంచే ట్యూషన్ పెట్టాలి.

బడిలో ఏడు గంటలు బిగబట్టుకున్న పిల్లలు ఇంటికొచ్చాక బరస్ట్ అవుతారు. గుమ్మంలోనే "ఏం చెప్పారు, ఎవరితో కూర్చున్నావు" అని అడగకండి. బూట్లు విప్పి, చోడి అంబలో పండో ఇచ్చి, అరగంట ఊరికే వదిలేయండి. హోంవర్కు ఆ తర్వాత, 15 నిమిషాలకోసారి లేచి తిరగనిస్తూ. ట్యూషన్ సంగతి జూలైలో, ఏ సబ్జెక్టులో అవసరమో తేలాక చూసుకోవచ్చు.