ఎముకలు నమిలే ఆవులు, తైలర్ గారి కుటుంబం

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మీలో ఒకరు పశువుల డాక్టర్ అవుతానంటే, "ఎంబీబీఎస్ సీటు రాని వాళ్లు చేసే కోర్సు కదా అది" అని ఎవరో తీసిపారేశారట. వినగానే మనసు చివుక్కుమంది. ఆ మాట అన్నవాళ్లకు ఆర్నాల్డ్ తైలర్ అనే పశువుల డాక్టర్ సంగతి తెలిసి ఉండదు. మీకైనా తెలియాలని రాస్తున్నాను.

ఆయన 1867లో స్విట్జర్లాండ్‌లోని ఫ్రిక్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1889లో పశువైద్యం చదువు పూర్తిచేసి, రెండేళ్లకే దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. ప్రిటోరియా దగ్గర ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రంలో పనికి కుదిరితే, అక్కడ చొప్ప కోసే మిషన్‌లో పడి ఎడమ చెయ్యి పోయింది. పాతికేళ్ల లోపు కుర్రాడు, పరాయి దేశం. పశువును లొంగదీయాలన్నా, సూది వెయ్యాలన్నా, చచ్చిన పశువును కోసి లోపల ఏమైందో చూడాలన్నా రెండు చేతులూ చాలని వృత్తి అది. ఆయన మాత్రం మానుకోలేదు. పెళ్లాడాల్సిన ఎమ్మా కూడా వెనక్కి తగ్గలేదు. 1893లో పెళ్లయింది.

1896లో రిండర్‌పెస్ట్, అదే మన పెద్దలు ముసర రోగం అనేది, జాంబెజీ నది దాటి దక్షిణాఫ్రికా మీద పడింది. కొన్నిచోట్ల నూటికి తొంభై పశువులు చచ్చిపోయాయి. అప్పుడు ప్రిటోరియా రాజధానిగా ఉన్న ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం తైలర్‌ను ప్రభుత్వ పశువైద్యుడిగా తీసుకుంది. పక్కనున్న నటాల్ ప్రాంతానికి చెందిన వాట్కిన్స్-పిచ్‌ఫర్డ్ అనే పశువుల డాక్టర్‌తో కలిసి, ఆ రోగం వచ్చి తేరుకున్న పశువు రక్తంలోంచి తీసిన సీరమ్‌తో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే నీటితో, మిగతా పశువులను కాపాడే పద్ధతి మీద పనిచేశాడు. తర్వాత 1908లో ప్రిటోరియా పక్కన ఆండర్‌స్టెపూర్ట్‌లో పరిశోధనశాల మొదలైంది. ఆయన హయాంలోనే అది ప్రపంచమంతా చెప్పుకునే సంస్థ అయింది.

ఆయన పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది లామ్‌సీక్టె అనే జబ్బు కథ. ఆ జబ్బు వస్తే ఆవు కాళ్లు పడిపోతాయి, నాలుక చచ్చుబడుతుంది, మింగలేక కూలబడి చచ్చిపోతుంది. విషపు మొక్క తిందేమోనని ఏళ్ల తరబడి వెతికారు. తైలర్ వ్రైబర్గ్ దగ్గర ఒక పొలంలో మకాం పెట్టి, ఆవులు మేత మేసే తీరు గమనించాడు. అవి గడ్డి వదిలేసి, బీళ్లలో పడి ఉన్న పాత ఎముకలు నోట కరుచుకుని గంటల తరబడి నములుతున్నాయి! ఆ నేలలో భాస్వరం తక్కువ, అందుకే గడ్డిలోనూ తక్కువే. ఒంటికి కావలసింది ఎముకల్లో వెతుక్కుంటున్నాయన్నమాట. కుళ్లిన కళేబరం ఎముకను నమిలినప్పుడు అందులో సూక్ష్మజీవుల వల్ల ఊరిన బొటులిజం అనే విషం కడుపులోకి పోతోంది. మందు ఏమిటో తెలుసా? ఎముకల పొడి. అది దాణాగా పెడితే ఎముకల కోసం తిరగడం తగ్గింది, జబ్బు తగ్గింది, పైగా పశువులు కండ పట్టాయి. పశువు ఏం తింటోందో, ఎందుకు తింటోందో ఓపిగ్గా చూడబట్టే ఇదంతా బయటపడింది.

ఇక తైలర్ పిల్లలు నలుగురు. హాన్స్ తండ్రి దారిలోనే పశువైద్యుడయ్యాడు. మార్గరెట్ టీచరమ్మ. గెర్ట్రూడ్ పిడుదుల మీద పరిశోధన చేసింది. ఏ జాతి పిడుదు ఆఫ్రికాలో ఏ ప్రాంతంలో ఉంటుందో తేల్చడానికి ఆమె ఎన్నో ఏళ్లు వెచ్చించింది. ఆడపిల్లలను ల్యాబ్‌లోకి రానివ్వడమే అరుదైన కాలమది. చిన్నవాడు మాక్స్ అమెరికా వెళ్లి, దోమల వల్ల మనుషులకు వచ్చే ఎల్లో ఫీవర్ మీద పనిచేస్తూ, ఆ జ్వరమే తనకూ తగులుకుని బతికి బయటపడ్డాడు. ఆయన తయారుచేసిన 17డి టీకాకు 1951లో నోబెల్ బహుమతి వచ్చింది. అది చూడటానికి తండ్రి లేడు, 1936లోనే పోయాడు. పశువుల రోగాలు చూసే ఇంట్లో పెరిగిన పిల్లవాడు కోట్ల మంది మనుషులకు పనికొచ్చే టీకా చేశాడు.

మన ఊళ్లలో సంకర జాతి ఆవులకు వచ్చే థైలేరియా జబ్బుకు ఆ పేరు ఈ తైలర్‌దే. ఆఫ్రికాలో పశువులకు ఈస్ట్ కోస్ట్ ఫీవర్ అనే జ్వరం తెచ్చే సూక్ష్మజీవికి మన దగ్గరిది దాయాది. ఇదీ పిడుదుల వల్లే వస్తుంది. దీనికి టీకా మన హైదరాబాద్‌లోనే తయారవుతుంది. పిడుదులు కొట్టం గోడల పగుళ్లలో కూడా దాక్కుంటాయి కాబట్టి, ఆవు ఒంటికి మందు కొట్టి వదిలేస్తే చాలదు, ఆ పగుళ్లు కూడా పూడ్చాలని మీ నాన్నతో చెప్పండి. ఆవుకు జ్వరం వచ్చి మేత మానేస్తే ముందు కాలి జబ్బ ముందర చేత్తో తడిమి చూడండి. అక్కడ గడ్డలా వాచి తగిలితే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ గారికి ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య