మద్రాసు కార్పొరేషన్ రేడియో: ఒక ఊరు సొంతంగా నడుపుకున్న స్టేషన్

ఆకాశవాణి తన పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా ఆపేస్తోంది. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా స్థానిక రేడియో భవిష్యత్తు మీద చర్చ జరుగుతుంది. ఆ చర్చలో చెప్పుకునే చరిత్ర మాత్రం ఎప్పుడూ ఢిల్లీ నుంచే మొదలవుతుంది. ఆలిండియా రేడియో అనే పేరు పెట్టింది 1936లో కాబట్టి అక్కడి నుంచి, లేదంటే తెలుగువాళ్లకు బాగా తెలిసిన మద్రాసు కేంద్రం 1938లో వచ్చింది కాబట్టి అక్కడి నుంచి లెక్క వేస్తాం. కానీ ఆ కేంద్రం రాకముందు అదే మద్రాసులో ఎనిమిదేళ్ల పాటు నగర కార్పొరేషన్ సొంతంగా రేడియో స్టేషన్ నడిపింది. కుళాయి నీళ్లు, చెత్త, వీధి దీపాలు చూసుకునే కార్పొరేషనే సాయంత్రం పూట పాట కూడా వినిపించేది. మన రేడియో చరిత్రలో దానికి రెండు వాక్యాలకు మించి చోటు దొరకలేదు. అది అన్యాయమని నా అభిప్రాయం.

దీనికి మూలం ఒక క్లబ్బు. 1924 మే 16న మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఏర్పడింది. దాని వెనక ముఖ్యంగా నిలబడిన మనిషి సి.వి. కృష్ణస్వామి చెట్టి. అప్పటికి మద్రాసు రాష్ట్రానికి పానగల్ రాజా, అంటే మన పానగంటి రామరాయణింగారు, ముఖ్యమంత్రిగా ఉన్నారు. మెరీనా, ఎగ్మూరు, జార్జ్ టౌన్ ఎక్కడ చూసినా తెలుగువాళ్లు ఉండే నగరం అది. క్లబ్బు జూలై 31న ప్రసారాలు మొదలుపెట్టింది. మొదట 40 వాట్ల ట్రాన్స్‌మిటర్, తర్వాత 200 వాట్లది. 40 వాట్లంటే ఇంట్లో వెలిగే ఒక మామూలు పాత బల్బుకు పట్టే కరెంటు. దాంతోనే రోజుకు రెండున్నర గంటల సంగీతం, ప్రసంగాలు వినిపించారు.

వినేవాళ్ల దగ్గర ఏముందో కూడా చూడాలి. వాల్వులు, అంటే బలహీనమైన సంకేతాన్ని పెంచే గాజు గొట్టాలు, పెట్టిన సెట్టు కొనడం డబ్బున్నవాళ్లకే సాధ్యం. మిగతావాళ్లకు క్రిస్టల్ సెట్టే గతి. ఒక తీగచుట్ట, ఒక చిన్న గలీనా రాయి, ఆ రాయిని అంటీ అంటనట్టు తాకే సన్నని తీగ, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్, అంతే సరంజామా. మేడ మీద పొడుగ్గా ఒక వైరు కట్టాలి, ఇంకో వైరు భూమిలోకి దించాలి. కరెంటుతో పని లేదు, బ్యాటరీ అక్కర్లేదు. గాలిలో వచ్చిన తరంగపు శక్తితోనే హెడ్‌ఫోన్ మోగుతుంది. రాయి మీద ఆ తీగను అటూ ఇటూ కదుపుతూ సరైన చోటు దొరికేదాకా వెతకాలి. దొరికాక ఎవరైనా బల్ల తగిలితే మళ్లీ మొదటికే. పైగా స్టేషన్‌కు దగ్గర్లో ఉంటేనే వినపడేది, అదీ హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఒక్కరికే. ఇంటిల్లిపాదీ కూర్చుని వినే రేడియో అనే ఊహ ఈ సెట్టుతో కుదరదు. కార్పొరేషన్ తర్వాత చేసిన పని ఎందుకంత పెద్దదో ఇక్కడే తెలుస్తుంది.

క్లబ్బు మూడేళ్లు లాక్కొచ్చింది. డబ్బు చాలక 1927 అక్టోబరులో ప్రసారాలు ఆపేసింది. సరిగ్గా ఆ ఏడాదే ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ జూలైలో బొంబాయి స్టేషన్‌ను, ఆగస్టులో కలకత్తా స్టేషన్‌ను ప్రారంభించింది. మద్రాసుకు మాత్రం ఏమీ రాలేదు. ఆ కంపెనీకి కూడా క్లబ్బుకు వచ్చిన రోగమే వచ్చింది. రేడియో సెట్టు ఉన్నవాళ్లు కట్టాల్సిన లైసెన్సు ఫీజు ఏడాదికి 10 రూపాయలు. 1927 చివర దేశం మొత్తమ్మీద ఉన్న లైసెన్సులు 3,594, మూడేళ్ల తర్వాత కూడా 7,719. ఆ ఆదాయంతో రెండు మహానగరాల్లో స్టేషన్లు నడవవు. 1930 మార్చిలో కంపెనీ దివాలా తీసింది, ఏప్రిల్ 1న ఆ స్టేషన్లను ప్రభుత్వం తీసుకుంది.

అదే 1930 ఏప్రిల్ 1న మద్రాసు కార్పొరేషన్ తన రేడియోను ప్రారంభించింది. క్లబ్బు తన ట్రాన్స్‌మిటర్‌ను కార్పొరేషన్‌కు ఇచ్చేసింది. కార్పొరేషన్ ఆఫీసైన రిపన్ బిల్డింగే స్టేషన్‌కు ఇల్లయింది. ఆ నెలలోనే ప్రకాశం పంతులు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం నడిపారు. ఊరంతా అట్టుడుకుతున్న రోజులవి.

ప్రైవేటు కంపెనీ చేతులెత్తేసిన పని ఒక మున్సిపాలిటీకి ఎలా సాధ్యమైంది? నాకు అర్థమైనంతవరకు, కార్పొరేషన్ దాన్ని వ్యాపారంగా చూడలేదు. పార్కుకు టిక్కెట్టు పెట్టనట్టే రేడియోకూ పెట్టలేదు. ఇంట్లో సెట్టు ఉన్నవాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా, సెట్టు లేనివాళ్ల దగ్గరికే పాటను తీసుకెళ్లింది. మెరీనాలో, హైకోర్టు బీచ్‌లో, పీపుల్స్ పార్కులో, రాబిన్సన్ పార్కులో లౌడ్‌స్పీకర్లు పెట్టించింది. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా ప్రసారం. మద్రాసు ఎండకు ఇళ్లలో ఉడికిపోయిన జనం సముద్రపు గాలి కోసం బయటికొచ్చే వేళ అదే. రాబిన్సన్ పార్కు ఉన్నది రాయపురం వైపు, కూలీనాలీ చేసుకునేవాళ్లు ఎక్కువగా ఉండే ఉత్తర మద్రాసులో. లైసెన్సు ఫీజు 10 రూపాయలు కట్టగలిగే మనుషులు కారు వాళ్లు. వాళ్లకోసం కూడా ఒక లౌడ్‌స్పీకర్ పెట్టాలని ఆలోచించిన వాళ్లంటే నాకు గౌరవం.

కార్యక్రమాల్లో ఎక్కువ భాగం సంగీతమే. ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున ఒక గంట గ్రామఫోన్ రికార్డులు వేసేవారు. నెలకొకసారి యూరోపియన్ సంగీతం ఉండేది. మద్రాసులో సంగీతం ఊపందుకున్న కాలం అది, మ్యూజిక్ అకాడమీ 1928లోనే పుట్టింది. సభల్లో కచేరీ వినాలంటే టిక్కెట్టు కొనాలి, కొన్నిచోట్ల తెలిసినవాళ్లూ ఉండాలి. బీచ్‌లో ఆ బెడద లేదు. కర్ణాటక సంగీతం వినిపించారంటే త్యాగయ్య కీర్తన లేకుండా జరగదు, కాబట్టి తెలుగు పాట రేడియోకెక్కింది 1938లో అనుకోవడం సరి కాదు.

ఇంకో పని బడులకు సంబంధించింది. సాయంత్రం నాలుగింటి నుంచి అరగంట పాటు కార్పొరేషన్ స్కూళ్ల పిల్లల కోసం పాఠాలు ప్రసారం చేసేవారు. బడులూ తనవే, రేడియో కూడా తనదే కావడంతో కార్పొరేషన్‌కు ఇది తేలికైంది.

ఇంతలో ఢిల్లీ కదిలింది. 1935 ఆగస్టులో ప్రభుత్వ రేడియోను నడపడానికి బీబీసీ నుంచి లయొనెల్ ఫీల్డెన్ వచ్చాడు, మరుసటి ఏడాది ఆలిండియా రేడియో పేరు ఖాయమైంది. నిజానికి 1935 భారత ప్రభుత్వ చట్టంలో 129వ సెక్షన్ రాష్ట్రాలకు, సంస్థానాలకు ప్రసారాల్లో కొంత చోటిచ్చింది. రాష్ట్రాలు తమ ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటామంటే కేంద్రం అకారణంగా కాదనకూడదని అందులో ఉంది. ఆ రోజుల్లో స్థానిక ప్రయత్నాలు ఇంకా జరిగాయి. 1935 ఫిబ్రవరిలో హైదరాబాదులో నిజాం ప్రభుత్వ రేడియో మొదలైంది. ఆ సెప్టెంబరులో మైసూరులో ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి తన ఇంటి నుంచే స్టేషన్ ప్రారంభించారు. ఆకాశవాణి అనే పేరు ఆ స్టేషన్‌దే, దేశమంతటి రేడియోకు తర్వాత అది స్థిరపడింది. ఇన్ని విత్తనాలు మొలకెత్తినా, ఆ సెక్షన్‌ను ఆసరా చేసుకుని ఏ రాష్ట్రమూ సొంత రేడియో వ్యవస్థను కట్టలేదు.

1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ఎగ్మూరులో మొదలైంది. ఊరికోసం 250 వాట్ల మీడియం వేవ్, దూరానికి 10 కిలోవాట్ల షార్ట్ వేవ్. రాజాజీ మద్రాసు ప్రధానిగా, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి హోదాలో, ఉన్న కాలం. కార్పొరేషన్ స్టేషన్ అక్కడితో ఆగిపోయింది.

కొత్త కేంద్రం వల్ల తెలుగువాళ్లకు మేలే జరిగింది, అది కాదనలేం. మద్రాసు దాటని రేడియో షార్ట్ వేవ్ మీద బెజవాడకు, విశాఖకు, అనంతపురానికి చేరింది. ఆ కేంద్రం తొలి తెలుగు ప్రసంగం గిడుగు రామమూర్తి పంతులుగారిది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి గొంతు అలా గాలిలోకి వెళ్లింది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి బాలాంత్రపు రజనీకాంతరావుగారు కట్టిన పాటను టంగుటూరి సూర్యకుమారి పాడిందీ ఆ కేంద్రం నుంచే. ఇవన్నీ 200 వాట్ల కార్పొరేషన్ వల్ల అయ్యేవి కావు. అయినా పెద్ద రేడియో రావడానికి చిన్న రేడియో పోవాల్సిన అవసరమేమీ లేదు. రెండూ ఉండొచ్చు. రాష్ట్రానికంతటికీ మాట్లాడే స్టేషన్, ఫలానా వీధిలో రేపు నీళ్లు రావని చెప్పగలిగే స్టేషన్ వేర్వేరు పనులు చేస్తాయి. 1938లో రెండోది పోయింది, దాని చోటు చాలాకాలం ఖాళీగానే ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా గాలి మీద హక్కు కేంద్రం చేతిలోనే ఉంది. ఆకాశవాణి స్వయంగా తొలి స్థానిక కేంద్రాన్ని నాగర్‌కోయిల్‌లో పెట్టింది 1984లో. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. దాని తర్వాతా మొదట లాభపడింది వేలంలో డబ్బు పెట్టగల ప్రైవేటు ఎఫ్‌ఎం చానెళ్లు. విద్యాసంస్థలకు సొంత స్టేషన్ పెట్టుకునే అనుమతి వచ్చాక 2004లో చెన్నైలోనే అన్నా యూనివర్సిటీ కమ్యూనిటీ రేడియో మొదలైంది. స్వచ్ఛంద సంస్థలకు 2006లో తలుపు తెరిచారు. 2008 అక్టోబరులో జహీరాబాదు దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంగం రేడియోను ప్రారంభించింది. ఊళ్లలోని దళిత మహిళలే రికార్డు చేసి, ఎడిట్ చేసి, తమ యాసలో విత్తనాల గురించి, వంటల గురించి, పండుగ పాటల గురించి మాట్లాడారు. ఇలాంటి స్టేషన్లు ఇప్పటికీ సొంతంగా వార్తలు చదవడానికి వీల్లేదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టుగా వినిపించడం వరకే వాటికి అనుమతి.