గురజాడ వారి ఇంట గేయం చదవబోయే పిల్లలకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సెప్టెంబర్ 21న మీరు విజయనగరంలో గురజాడ అప్పారావు గారి ఇంటికి వెళుతున్నారనీ, అక్కడ తలా ఒక గేయం చదవాలనుకుంటున్నారనీ తెలిసి ఎంతో సంతోషించాను. ఆయన పుట్టినరోజున ఆ ఇంటికి జనం వస్తారు, పూలమాలలు వేస్తారు, ‘దేశభక్తి’ గేయం పాడతారు. ఆ రోజు అక్కడ గొంతు విప్పే అవకాశం రావడం చిన్న విషయం కాదు. అందుకే మీరు బయలుదేరే ముందు నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను. గురజాడ వారి కవిత పుస్తకంలో చూసి ఊరుకునేది కాదు, నోటితో పలకవలసినది, చెవితో వినవలసినది.

ఆయన 1862లో ఎస్. రాయవరంలో పుట్టినా, పై చదువులు చదివినదీ, పాఠాలు చెప్పినదీ, సంస్థానంలో ఉద్యోగం చేసినదీ, 1915 నవంబర్ 30న కన్నుమూసినదీ విజయనగరంలోనే. ‘కన్యాశుల్కం’ నాటకంలో మనుషులు మాట్లాడే తెలుగు ఆ ఊరి వీధుల్లో ఆయన చెవిన పడిన తెలుగు. పుస్తకాల్లో గ్రాంథికమే ఉండాలని పండితులు పట్టుబట్టిన కాలంలో, ఆయనా ఆయన చిన్ననాటి స్నేహితుడు గిడుగు రామమూర్తి గారూ జనం మాట్లాడుకునే భాష పక్షాన నిలబడ్డారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అప్పారావు గారు పెద్ద అసమ్మతి పత్రమే రాసి ఇచ్చారు. కాబట్టి ఆ ఇంట్లో మీరు చదువుతుండగా వీధిలోంచి ఎవరి పిలుపో, ఏ బేరగాడి కేకో వినిపిస్తే విసుక్కోకండి. ఆ గొంతులు కూడా సాహిత్యంలోకి రావాలనే ఆయన అంత పోరాడారు.

ఇక చదివే తీరు సంగతి. ‘ముత్యాల సరములు’ 1910లో వచ్చింది. ఆకాశంలో హేలీ తోకచుక్క కనిపించిన ఏడాది అది, గేయంలోనూ ఆ తోకచుక్క ప్రస్తావన ఉంది. దానికోసం ఆయన ఎంచుకున్న నడకను చేత్తో తాళం వేసి చూడండి: తకిట తకధిమి, తకిట తకధిమి. మూడు మాత్రలు (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత కాలం), వెంటనే నాలుగు. ‘గుత్తు – నా ము – త్యాల – సరములు’ అని విడదీసి పలికితే మీకే తెలుస్తుంది. నాలుగో పాదం ‘క్రొమ్మెరుంగులు జిమ్మగా’ దగ్గరకు వచ్చేసరికి చివర రెండు మాత్రలు తక్కువ పడతాయి. ఆ ఖాళీ మీరు ఊపిరి తీసుకునే చోటు. చాలామంది పిల్లలు అక్కడ ఆగకుండా తర్వాతి చరణంలోకి పరుగెత్తుతారు. మీరు ఆగండి, విన్నవాళ్ళకు మాట మనసులో దిగడానికి ఆ కాస్త సమయం కావాలి. అయితే లెక్క సరిపోయిందా లేదా అని చూసుకుంటూ చదవవద్దు. ఇంటి దగ్గర పదిసార్లు తాళం వేసి చదివితే, అక్కడ తాళం సంగతి మరచిపోయినా నడక తప్పదు.

మీలో ఒకరు ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ చదువుతారట. ఆ గేయం నడక వేరు, అది కథ చెప్పే నడక. ‘విన్నారమ్మా ఈ కథను’ అని కవి మొదట్లోనే ఆడపిల్లలను కూర్చోబెట్టి మొదలుపెడతాడు. అందువల్ల కాగితంలోకి తల దించేయకుండా ఎదురుగా ఉన్నవారిని చూస్తూ ఆ పాదం పలకాలి. ముసలివాడికి కట్టబెట్టిన చిన్నపిల్ల కథ కనుక గొంతులో ఏడుపు తెచ్చుకోవాలనిపిస్తుంది. అది వద్దు. పూర్ణమ్మ తన వాళ్ళతో ఆఖరి మాటలు చెప్పేటప్పుడు కన్నీరు ఒలికినా, కన్నులు తుడుచుకుని కలకల నవ్వుతుంది, ‘నలుగురు కూచుని నవ్వే వేళల’ తనను తలుచుకొమ్మని అడుగుతుంది. నేను చిన్నప్పుడు ఈ గేయం కంఠస్థం చేస్తూ వసారాలో గట్టిగా చదువుతుండేవాణ్ణి. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. చాట ముందేసుకుని చింతపండు గింజలు తీస్తూ వింటోంది. ఆ పాదం దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి. కాసేపటికి, ‘మళ్ళీ ఓమారు చదవరా నాయనా’ అంది. ఆమెకు తొమ్మిదో ఏట పెళ్ళయిందని నాకు అప్పటికి తెలియదు. చదువు రాని మనిషి దగ్గరకు కూడా ఒక పిల్లవాడి గొంతు మీదుగా ఆ కవిత వెళ్ళగలిగింది. ఇన్నేళ్ళుగా గేయాలను పైకి చదవమని మీ అందరినీ పోరుతున్నది అందుకే.

‘దేశభక్తి’ అందరికీ వచ్చుననుకుంటారు, కానీ చాలా సభల్లో ‘దేశమంటే మనుషులోయ్’ అన్న పాదం ఒక్కటే పాడి చప్పట్లతో ముగించేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది. తిండి గురించి, కండ గురించి, దేశి సరుకుల గురించి, పొరుగువాడికి తోడుపడటం గురించి ఆయన చెప్పిన చరణాలన్నీ మిగిలిపోతాయి. మీరంతా కలిసి ఒక్కొక్కరు కొన్ని చరణాల చొప్పున పంచుకుని ఆసాంతం చదవండి. దేశాన్ని ఒక దొడ్డ వృక్షంగా చెప్పాక, చివరి చరణంలో ఆ చెట్టు ఆకుల్లో ‘అణగిమణగీ’ కవిత అనే కోయిల పలకాలంటాడు కవి. ఆ పలుకులను ‘విని’ దేశంలో అభిమానాలు మొలకెత్తాలంటాడు. చూశారా, ‘చదివి’ అనలేదు. ఆ కోయిల ఆకుల చాటునే ఉంటుంది కనుక చివరి చరణానికి అరుపు అక్కరలేదు, ఆఖరి వరుసలో ఉన్నవారికి స్పష్టంగా వినబడితే చాలు. ఇంకొక్క జాగ్రత్త: అక్కడ ‘అభిమానములు’ అన్న మాట రెండు పాదాలకు విరిగి ఉంటుంది. ‘దేశమందభి’ దగ్గర ఊపిరి వదిలేస్తే మాట ముక్కలైపోతుంది. ఆ ఒక్క చోట మాత్రం ఆగకుండా, ‘మానములు మొలకెత్తవలెనోయ్’ వరకు ఒకే ఊపిరిలో తీసుకువెళ్ళండి.

మీ వంతు అయిపోగానే బయటకు వచ్చేయకుండా, తర్వాత చదివేవారందరినీ విని రండి. ఎవరు ఏ చరణం చదివారో, ఎవరి గొంతు మీకు బాగా గుర్తుండిపోయిందో నాకు ఉత్తరం రాయండి. ఎదురు చూస్తూ ఉంటాను.

ఇట్లు,
మీ తాతయ్య