మనసొకచోట, పాటొకచోట

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య దీవెనలు. పోయిన ఆదివారం ఆరాధన అయిపోయాక మీలో ఒకరు నా దగ్గరికి వచ్చి, పక్కవాళ్లకు వినపడకుండా ఒక ప్రశ్న అడిగారు. "తాతయ్యా, పాటలప్పుడు చాలామంది కళ్లు మూసుకుని ఏడుస్తారు. నాకు ఏడుపు రాదు. పైగా మధ్యలో రేపటి పరీక్ష గుర్తొస్తుంది. అంటే నేను పూర్ణహృదయంతో ఆరాధించట్లేదా?" అప్పటికి తల నిమిరి పంపించేశాను. అది జవాబు కాదని ఇంటికొచ్చాక నాకే అనిపించింది. అడిగింది ఎవరో చెప్పను. మిగతావాళ్లకూ ఈ అనుమానం ఉండే ఉంటుందని అందరికీ కలిపి రాస్తున్నాను.

కన్నీళ్లు వస్తే రానివ్వండి, రాకపోతే టెన్షన్ పడకండి. కొందరికి కళ్లు ఇట్టే చెమరుస్తాయి, కొందరికి చెమర్చవు. హృదయం అనగానే మనకు సంతోషం, దుఃఖం లాంటివే గుర్తొస్తాయి. పాత నిబంధన రాసిన హెబ్రీ భాషలో హృదయాన్ని 'లేవ్' అంటారు. ఆ మాటలో ఇంకా చాలా ఇమిడి ఉంది. ఆలోచించేదీ హృదయమే, గుర్తుపెట్టుకునేదీ, ఒక నిర్ణయానికి వచ్చేదీ హృదయమే. సొలొమోను రాజయ్యాక ప్రజలకు న్యాయం తీర్చడానికి దేవుణ్ణి ఏం అడిగాడు? వివేకం గల హృదయం. మనమైతే 'బుర్ర' అనేవాళ్లం!

మరి పూర్ణహృదయం అంటే? 86వ కీర్తనలో దావీదు ప్రార్థన చూడండి: "నా హృదయమునకు ఏకదృష్టి కలుగజేయుము." ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు పోకుండా ఒక్కచోటికి చేరిన హృదయం అన్నమాట. అది తన దగ్గర ఉందని దావీదు చెప్పుకోలేదు, ఇమ్మని అడిగాడు. అంతటివాడే అడిగి తీసుకోవలసి వచ్చినప్పుడు, పరీక్ష గుర్తొచ్చిందని మీరు సిగ్గుపడడం దేనికి? ఈసారి గుర్తొస్తే ఆ పరీక్ష సంగతే ప్రభువుతో చెప్పేసి, మళ్లీ పాటలోకి రండి. పదిసార్లు పారిపోతే పదిసార్లూ రండి. అలా తిరిగి రావడం కూడా ఆరాధనేనని నా నమ్మకం.

తెలుగులో మనకు మంచి మాట ఉంది, మనసు పెట్టడం. "మనసు పెట్టి చదువు" అని ఇంట్లో అంటే ఏడుస్తూ చదవమని ఎవరూ అనుకోరు కదా.

ఇంకో హెబ్రీ మాట కూడా చెప్పాలి (ఈ వయసులో నాకు ఇదో సరదా). 'అవోదా' అంటే పని. సేవ అన్నా, ఆరాధన అన్నా అదే మాట. దేవుడు ఆదామును తోటలో ఉంచి సేద్యం చేయమన్నప్పుడూ, తనను సేవించడానికి ప్రజలను పంపించమని మోషే ద్వారా ఐగుప్తు రాజు ఫరోతో చెప్పించినప్పుడూ మూలంలో వాడిన క్రియ ఒకటే. మనం మాత్రం ఆదివారం రెండు గంటలకు ఆరాధన అని పేరు పెట్టి, మిగిలిన వారాన్ని పక్కన పెట్టేశాం. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. ఆయన పని వంటగదిలో. గిన్నెల చప్పుడు మధ్య కూడా, మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఉన్నంత ప్రశాంతంగా దేవునితో ఉండగలనని చెప్పేవాడట. సంగీతం నేర్చుకునేవాళ్లకు జర్మన్ స్వరకర్త బాఖ్ తెలుసు కదా, 1750లో చనిపోయాడు. తన రచనలు చాలావాటి చివర 'దేవునికే మహిమ' అనే అర్థం వచ్చే మూడు లాటిన్ అక్షరాలు రాసుకునేవాడు. మీ లెక్కల నోట్సు చివర అలా రాయగలరా? రాయాలంటే ముందు లెక్క నిజాయితీగా చేసి ఉండాలి మరి. చిక్కంతా అక్కడే.

నా సంగతి ఒకటి చెప్తాను, నవ్వకండి. మీ వయసు దాటిన కొత్తలో పాటల బృందంలో ముందు వరుస నాది. గొంతు బాగుండేది, చేతులెత్తి పాడేవాణ్ణి. అప్పటికి మూడు నెలలుగా తమ్ముడితో మాటలు లేవు. కారణం ఎంత చిన్నదంటే ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఒక ఆదివారం ఇంటికొచ్చాక అమ్మ అంది, "పాట బాగా పాడావురా. తమ్ముడు విన్నాడా?" ఇంకేం అనలేదు. వాడు వెనక వరుసలోనే కూర్చుని ఉన్నాడని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నీమీద సహోదరునికి ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమన్న యేసు మాట నాకు కంఠతా వచ్చు. వాడి గది తలుపు తట్టడానికి మాత్రం ఇంకో రెండు రోజులు పట్టింది.

ఇచ్చేదాని గురించి కూడా కొంచెం. మలాకీ ప్రవక్త కాలంలో జనం గుడ్డి పశువులను, కుంటి పశువులను తెచ్చి బలి ఇచ్చేవాళ్లు. "వాటిని మీ అధికారికి ఇచ్చి చూడండి, ఒప్పుకుంటాడా?" అని దేవుడు నిలదీశాడు. రాత్రి ఫోన్ పక్కన పెట్టాక, కళ్లు మూతలు పడుతుండగా చేసే ప్రార్థన గుర్తొచ్చి ఇది చదివినప్పుడల్లా నాకు గతుక్కుమంటుంది. అలాగని కొంచెం ఇస్తే దేవునికి చాలదని కాదు. కానుకపెట్టె ఎదుట కూర్చున్న యేసు, రెండు కాసులు వేసిన విధవరాలిని మెచ్చుకున్నాడు. ఆ రెండే ఆమె జీవనమంతా. మీకు పొద్దున్న దొరికేది ఐదు నిమిషాలే అయితే ఆ ఐదే ఇవ్వండి, కానీ అవి మెలకువగా ఉన్న ఐదు నిమిషాలు కావాలి.

ఈ ఉత్తరం రాస్తూ నేనే రెండుసార్లు ఫోన్ చూశాను. రెండోసారి చూసింది తమ్ముడి ఫోన్ కోసం. ఇప్పుడు రోజూ సాయంత్రం చేస్తాడు, ఇద్దరం కలిసి ఒక కీర్తన చదువుకుంటాం. ఈరోజు 86 చదువుదామని చెప్పాలి.

ప్రేమతో,
మీ తాతయ్య